పొరుగు అడవిలో మగపిట్ట

షివాచి ఈల వేస్తే కకమేగా అడవిలో ఏ పిట్టైనా వచ్చి వాలాల్సిందే. వయసులో ఉన్నప్పుడు ఆ ఈలతోనే పిట్టల్ని పట్టి కాల్చుకు తిన్నాడు. ముసలితనంలో, పక్షుల మీద పరిశోధన చేస్తున్న కూతురు ముహోంజాకి తోడుగా అదే ఈల వేస్తున్నాడు.

ఆ పొద్దున మాత్రం ఎంతసేపు వేసినా గోధుమరంగు చిన్న పిట్ట తల కూడా తిప్పలేదు. చుట్టూ నరికి మొక్కజొన్న వేసుకోగా అడవి అంచున మిగిలిన కాసిని చెట్లలో, ఆ జాతికి అదొక్కటే మిగిలింది.

"పళ్ళూడాయి కదే, గాలి పోతోంది," అన్నాడు.

"నీ ఈల బాగానే ఉంది నాన్నా. వాడి పాటే మారింది. చేల మీంచి పిగిలిపిట్టలు వచ్చిపడ్డాయిగా! వాటి గోలలో తమ పాట వినపడక, వీళ్ళు ఏటేటా గొంతు సన్నం చేసి గబగబా పాడటం మరిగారు. నువ్వు వేసేది వాడి తాతల పాట."

"మరి ఎవరు వింటారని పాడుతున్నాడు?"

ముహోంజా వల తీసింది. రెండు గంటల దూరంలో ఇంకో అడవి ఉంది. అక్కడ పిగిలిపిట్టల్లేవు, ఈ జాతి ఆడపిట్టలున్నాయి. అది పాడే కొమ్మ దగ్గర వల వేసి పట్టారు. పిట్ట ఉన్న గుడ్డసంచిని గుండెకి ఆనించుకుని షివాచి కిరాయి బైకెక్కాడు. "మెల్లగా పోనీరా, పెళ్ళికొడుకున్నాడు!" అని బండివాణ్ణి కసిరాడు.

వదిలిన మర్నాడే అది పాడింది. మూడోరోజు ఒక ఆడపిట్ట పక్క కొమ్మ మీద వాలింది, కాసేపు కూచుంది, పురుగు ఏరుకుని ఎగిరిపోయింది. అక్కడి మగపిట్టలు తరుముతాయేమోనని ముహోంజా ఆశగా చూసింది. ఒకటి మూరెడు దూరంలో వాలి, తన పాట తను పాడుకుని, రెక్క దువ్వుకుంది.

"కొట్టనైనా కొట్టలేదే," అన్నాడు షివాచి.

"వీణ్ణి వాళ్ళ జాతే అనుకోవట్లేదు నాన్నా."

తొమ్మిది పొద్దులు పాడింది. పదోనాడు పాడలేదు.

"పట్టుకుని వాడింటికి తీసుకుపోదాం పద," అన్నాడు షివాచి.

"ఎక్కడికి? పోయిన వారమే ఆ చెట్లూ కొట్టేశారు. అయినా పాడనివాణ్ణి ఏమని పిలుస్తావు?"

షివాచి పెదాలు బిగించి ఆ సన్నపాట పట్టబోయాడు. ఉత్త గాలే వచ్చింది. ముహోంజా వల చుట్టేసింది.

ఆ తరవాత కూతురు ఎంత బతిమాలినా ఆయన అడవికి పోలేదు. పొద్దున్నే వాకిట్లో కూచుని, అవసరం ఉన్నా లేకపోయినా, చిక్కుళ్ళు ఒలుస్తుండేవాడు.