ఆల్బమ్‌లు చేసే పోరడు

జొన్నరొట్టె పెనం మీద వేసి తడిచేత్తో నీళ్ళు రాస్తుండగా మహిమకు ఆ మాట వినపడింది. ముందుగదిలో భర్త స్టీఫెన్ ఫోన్ స్పీకర్ మీద పెట్టి మాట్లాడుతున్నాడు. అవతల కరీంనగర్ ఫొటో ల్యాబ్ నడిపే శ్యామల మేడం. నిజామాబాదులో ల్యాబులున్నా, రంగు బాగా వస్తుందని స్టీఫెన్ తన పెళ్ళి ఆల్బమ్‌లన్నీ అక్కడే ప్రింటు చేయిస్తాడు.

"కుభీర్ పెండ్లి ఆల్బమ్ మస్తుగొచ్చింది స్టీఫెన్. గా ఆఖరు పేజీ, వంటలు చేసినోళ్ళది, మా స్టాఫునందర్ని పిలిచి చూపిచ్చిన. డిజైన్ ఎవరు చేసిన్రు?"

"మా దగ్గర ఒక పోరడున్నడు మేడం. నేను చెప్తుంట, వాడు చేస్తుంటడు."

రొట్టె ఒకవైపు మాడింది. మహిమ దాన్ని తిరగేసి, అలవాటు ప్రకారం తన పళ్ళెంలో వేసుకుంది.

స్టీఫెన్ దుకాణంలో పోరడంటూ ఎవరూ లేరు. భైంసా బజారులో రోడ్డు వైపు షట్టరున్న ముందుగది స్టూడియో, వెనక గదులు ఇల్లు. మధ్యలో ఒక పరదా. ఆ పరదా పక్కన కంప్యూటర్ ముందు కూర్చుని ఇన్నేళ్ళుగా ఆల్బమ్‌లు చేస్తున్నది మహిమే. పెళ్ళివాళ్ళు వస్తే లేచి లోపలికి వచ్చేసేది. వాళ్ళు ఒక్కో పేజీ చూసి మెచ్చుకుంటుంటే, ఇవతల వాళ్ళకే చాయ్ పెడుతూ వినేది.

పెళ్ళైన కొత్తలో ఈ డిజైన్లన్నీ నిర్మల్‌లో ఒకాయన చేసిచ్చేవాడు. ఎప్పుడూ ఆలస్యమే. పెళ్ళిపార్టీలు దుకాణం ముందుకొచ్చి గొడవ పడుతుంటే ఒకరోజు స్టీఫెన్ తల పట్టుకుని లోపలికొచ్చి, "నువ్వు ఖాళీగనే ఉంటవ్ కద, జర గీ ఫొటోలు సెట్ చేసుడు నేర్చుకో" అన్నాడు. అప్పుడామె కడుపుతో ఉంది. తెల్లారి లేస్తే నల్లా నీళ్ళు పట్టాలి, అత్త ఆనందమ్మకు షుగరని వేరే వంట చెయ్యాలి, ఆదివారం చర్చి అయ్యాక భోజనానికి ఎవరెవరొస్తారో ముందు తెలిసేది కాదు. వీటన్నిటి మధ్య తను ఎక్కడ ఖాళీగా కనపడిందో ఆమెకు అంతు పట్టలేదు. అయినా నేర్చుకుంది. హిందీలో వీడియోలు చూసి, ఆపి, మళ్ళీ చూసి నేర్చుకుంది. పిండి చేతులతో వచ్చి మీటలు నొక్కితే కీబోర్డు తెల్లబడేది. చంటిపిల్లను ఒళ్ళో వేసుకుని ఒక చేత్తోనే మౌస్ తిప్పేది.

నేర్చుకున్నాక ఆ పని మీద ఇష్టం పుట్టింది. ఇది మాత్రం ఆమె ఎవరితోనూ చెప్పుకోలేదు. స్టీఫెన్ తెచ్చిన ఫొటోల్లో అందరి చూపూ పెళ్ళికూతురు, పెళ్ళికొడుకుల మీద ఉంటే, మహిమ చూపు అంచులకు పోయేది. పందిరి గుంజకానుకుని కునుకు తీస్తున్న మేనత్త, కొంగుతో మొహం తుడుచుకుంటున్న తల్లి, పొయ్యి ముందు చెమటలు కక్కుతూ పెద్ద గంటె తిప్పుతున్న ఆడవాళ్ళు. వెలుతురు సరిచూసుకోవడానికి స్టీఫెన్ అటూ ఇటూ కొట్టిన ఫొటోలవి. పారేయమని అతను చెప్పేవే. ఆమె వాటిని దాచిపెట్టి ప్రతి ఆల్బమ్‌కూ చివర ఒక పేజీ కట్టేది. పెళ్ళంతా తమ చేతుల మీద నడిపించి పెళ్ళిలో ఎక్కడా కనపడనివాళ్ళ పేజీ. "గీ వంటోళ్ళనెవరు చూస్తరు, దండుగ" అన్నాడు మొదట్లో. ఆ పేజీ చూసి కొత్త పార్టీలు రావడం మొదలయ్యాక, అది తన స్టైలని చెప్పుకున్నాడు.

"పొద్దుందాక బొమ్మల ముంగట కూసునుడే పని, దానికే నడుము నొస్తదంట" అని ఆనందమ్మ చర్చిలో ఆడవాళ్ళతో నవ్వుతూ చెప్పేది. కొడుకు కెమెరా మోస్తే కష్టం, కోడలు కూర్చుని చేస్తే సుఖం. ఎవరు నేర్పారో గానీ ఇంట్లో అందరికీ ఆ పాఠం నోటికి వచ్చు.

రొట్టెలు వడ్డిస్తూ మహిమ అడిగింది. "పోరడున్నడని ఎందుకు చెప్పినవ్?"

స్టీఫెన్ మామూలుగానే జవాబిచ్చాడు. గొంతులో కోపం లేదు, తప్పు చేసి దొరికిన తత్తరపాటూ లేదు. "ఇంట్ల ఆడిమనిషి చేస్తదంటె పనిని చిన్నగ చూస్తరు మహీ. స్టాఫున్నదంటె దుకాణానికి వజన్ ఉంటది. అయినా ఎవరు చేస్తేంది, మనింటి పనే కద."

అతను చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు, క్రిస్మస్‌కు తనే పోయి మంచి చీర తెస్తాడు. అందుకే ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో ఆమె ఎవరికీ చూపించలేకపోయింది. చెడ్డ మొగుడైతే నలుగురిలో చెప్పుకోవడానికైనా ఏదో ఒకటి ఉంటుంది. ఆ మధ్యాహ్నమంతా అంట్లు తోముతూ, బట్టలు మడతపెడుతూ ఆమె ఆ లేని పోరడి గురించే ఆలోచించింది. వాడు పని మధ్యలో లేచి పప్పు దించడు. వాడి నడుము నొస్తే ఎవరూ నవ్వరు. వాడు చేసేదాన్ని పని అంటారు, దానికి జీతమిస్తారు. తన పనితనాన్నంతా ఎత్తుకుపోయిన ఆ పిల్లవాడి మీద ఆమెకు కోపం రాలేదు. అసూయ కలిగింది.

ఆ వారంలోనే స్టీఫెన్ బాసరలో ఫొటోలు తీయడానికి పోయాడు. దుకాణం ఫోన్ బల్ల మీదే ఉంది. మోగితే మహిమ ఎత్తింది.

"స్టీఫెన్ లేడా అమ్మా? ముధోల్ పెండ్లి ఫైల్ల ఒక షీటు రాలే." శ్యామల మేడం గొంతు.

"ఇప్పుడే పంపుత మేడం."

"నీకు తెల్వదమ్మా. గా డిజైన్ చేసే పిలగానికియ్యి, వానితోని మాట్లాడుత."

మహిమ పరదా వైపు చూసింది. అవతల అత్త టీవీలో దేవుని వాక్యం వింటోంది. తొమ్మిదేళ్ళ కూతురు క్యాథరిన్ గడప మీద కూర్చుని మామిడికాయ ముక్కకు ఉప్పూ కారం అద్దుకుంటోంది. ఇప్పుడు 'బయటికి పోయిండు మేడం' అంటే సరిపోతుంది. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు.

"పిలగాడెవ్వరు లేడు మేడం. చేసేది నేనే. స్టీఫెన్ భార్యను. నా పేరు మహిమ."

శ్యామల మేడం ఒక్కొక్కటే అడిగింది.

"వంటోళ్ళ పేజీ?"

"నేనే."

"అప్పగింతలల్ల పెండ్లిపిల్ల మొకం పెట్టకుంట, తల్లి చేతులొక్కటే పెట్టింది?"

"అది గూడ నేనే మేడం."

శ్యామల మేడం నవ్వుతుందనుకుంది మహిమ. ఆమె నవ్వలేదు. "చెల్లె, నీకోటి చెప్పాలె. మాకు డిజైనర్ కావాలని మీ ఆయనను రెండుసార్లు అడిగిన. దీపావళికోసారి, క్రిస్మస్ అయినంకోసారి. గా పిలగాన్ని కరీంనగర్ పంపియ్యి, మంచి జీతమిస్త, పెద్ద పనులు నేర్పిస్త అన్న. వాడు రాడంట మేడం, ఇల్లిడిసి యాడికి పోడంట అన్నడు."

మహిమ కుర్చీలో కూర్చుండిపోయింది. ఎవరో ఆమె కోసం వచ్చి తలుపు తట్టారు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆమె లోపలే ఉంది, మెలకువగానే ఉంది. వేరొకరు లేచి వెళ్ళి, రాదని చెప్పి పంపించేశారు.

"ఒకసారొచ్చి చూసిపో. కాని ఈ మాట నాకు నువ్వు చెప్పాలె, మీ ఆయన గాదు" అని శ్యామల మేడం ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం స్టీఫెన్ వచ్చి కెమెరా సంచీ దించేదాకా ఆగి, మహిమ చెప్పింది. "ల్యాబ్ మేడం ఫోన్ చేసింది. నేనెవరో చెప్పిన."

అతను చొక్కా గుండీలు విప్పుతూ ఆగాడు. తర్వాత నవ్వాడు. "సరే తియ్, తెలిస్తె తెలిసింది. బోర్డు మార్పిద్దామా? మహిమ స్టీఫెన్ డిజిటల్స్ అని పెడ్త. నీ పేరే ముంగట. ఏమంటవ్?"

అదే మాట నిన్న అనుంటే ఆమె ఎంత సంబరపడేదో.

"ఆమె రెండుసార్లు అడిగిందంట. నాకెందుకు చెప్పలే?"

"చెప్తె పోతవా? పిల్లనిడిసిపెట్టి, అవ్వనిడిసిపెట్టి? పోవని తెలిసే చెప్పలే."

"పోతనో పోనో నాకే తెల్వదు. నన్నెవ్వరు అడగలే కద. నన్నడిగిన మాటకు నువ్వు జవాబిచ్చినవ్."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి తేలికయ్యేది. అతను పోయి ఫ్యాన్ స్విచ్ వేశాడు. ఆనందమ్మ పరదా తొలగించుకుని వచ్చింది. "మొగని దుకాణం బందు వెట్టి పరాయోళ్ళ దుకాణం నడిపిస్తవా బిడ్డా?"

"చూసొస్త అత్తమ్మా. పని ఎట్లుంటదో చూసొస్త."

"మమ్మీ, ఆడ బడులుంటయా?" అంది క్యాథరిన్.

"ఉంటయి."

"అయితె నేను గూడ వస్త."

ఆ రాత్రి భోజనాల దగ్గర స్టీఫెన్ ఆలోచించి ఒక దారి చెప్పాడు. "పోయి మాట్లాడు, నేనేం వద్దంట లేను. కాని పని ఇంటికి తెచ్చుకునేటట్లు మాట్లాడు. మన దుకాణం పనైనంక వాళ్ళది చేసుకో. పరేషానుండది." తను ఎంతో తగ్గినట్టు అతనికి అనిపించింది. మహిమ పళ్ళేలు తీసుకుని లోపలికి పోయింది.

పొద్దున నిర్మల్ దాకా పోయి, అక్కడ కరీంనగర్ బస్సెక్కింది. ఒళ్ళో పిల్ల లేదు, కాళ్ళ దగ్గర అత్త సంచీ లేదు. ఇలా కిటికీ పక్కన కూర్చుని ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. సోన్ దగ్గర గోదావరి ఎండకు సన్నబడి, ఇసుక మధ్య పాయలుగా మెరుస్తోంది. బస్సు వంతెన దాటుతుంటే భయమేసింది. పిల్ల జడ ఎవరు వేస్తారు, అత్తకు మాత్రలు ఎవరు గుర్తు చేస్తారు అన్నవి పైపై భయాలు. అడుగున ఇంకోటి ఉంది. పరదా వెనక కాబట్టి తన పని బాగా కనపడిందేమో, నలుగురి మధ్య కూర్చుంటే ఏమీ రాదేమో. ఆ భయాన్ని జగిత్యాల దాకా మోసింది. జగిత్యాలలో ఒక చాయ్ కొనుక్కుని తాగింది. వేరొకరు పెట్టిన చాయ్ బాగుంది.

ల్యాబ్ మేడ మీద ఉంది. వరసగా బల్లలు, పెద్ద తెరలు, వాటి ముందు ఆడా మగా పని చేస్తున్నారు. కళ్ళద్దాలు నెత్తి మీదికి ఎత్తుకున్న శ్యామల మేడం ఎక్కువ మాటలు పెట్టుకోలేదు. ఒక తెర ముందు కూర్చోబెట్టి, "మంచిర్యాల పెండ్లి. నీకెట్ల తోస్తె అట్ల చెయ్యి" అని వెళ్ళిపోయింది.

మొదటి పేజీని రెండుసార్లు చెరిపి మళ్ళీ కట్టింది. రెండోదానికి ఆ పెళ్ళి ఇల్లు కనపడసాగింది. ఆ తెర మీద ఎరుపు నిజంగా ఎర్రగా ఉంది, ఆడవాళ్ళ మొహాల్లో అలసట కూడా స్పష్టంగా ఉంది. ఎవరో పక్కన చాయ్ పెట్టారు. తాగాక కప్పు కడగడానికి ఆమె లేవబోతే, "ఆడనే ఉండనియ్యక్కా, నేను తీస్త" అన్నాడు అటెండరు. మళ్ళీ తెరలోకి వంగింది. తల ఎత్తేసరికి కిటికీలో ఎండ పక్క గోడకు మారింది. ఇంతసేపు ఏదో తేడాగా ఉందని అనిపిస్తూనే ఉంది, అదేమిటో అప్పుడు తెలిసింది. ఎవరూ ఆమెను పిలవలేదు. పొయ్యి మీద ఏముందని, తువ్వాల ఎక్కడుందని, గేటు దగ్గర ఎవరో చూడమని ఒక్కరూ పిలవలేదు. ఒక ఆలోచన మొదలై, తెగిపోకుండా చివరిదాకా పోయింది. తన తల అంత దూరం పోగలదని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

శ్యామల మేడం వచ్చి, వెనక నిలబడి పేజీలన్నీ చూసింది. కళ్ళద్దాలు దించుకుని మళ్ళీ చూసింది.

"నాకు పసందయింది. పని నీదే. మీ ఆయన పొద్దున ఫోన్ చేసిండు, పిల్లున్నది కద, ఇంటి దగ్గరనే చేస్తదని చెప్పిండు. నాకేం ఫికర్ లేదు చెల్లె. ఫైళ్ళు పంపుత, మంచిగ ఇంట్లనే కూసొని చేసుకో."

మహిమకు కోపం రాలేదు. చున్నీ సర్దుకుని లేచి నిలబడింది.

"ఆయన చెప్పింది ఆయన మాట మేడం. నన్ను చెప్పమన్నరు కద, చెప్తున్న. జూన్ల బడులు తెరిచేటి యాల్లకు పిల్లను తీస్కొనొస్త. నాకు ఈడ ఒక కుర్చీ వెయ్యిన్రి."