రెప్పలు వాలుతున్నాయా?

తిరుపతిరావు దారం కట్టడానికి చెయ్యి అడిగినప్పుడు జయపాల్ మారుమాట లేకుండా చాపాడు. కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, తాయెత్తులకూ మంత్రాలకూ వ్యతిరేకంగా ఊరూరా ఉపన్యాసాలిచ్చిన మనిషి. అయినా చాపాడు. పక్షులు చూపించే ఈ గైడు పక్కన నడవాలంటే ఈ దారం కట్టించుకోక తప్పదు.

"బుల్లెమ్మగారు మంత్రించిచ్చిన దారాలండీ ఇవి. చేతికుంటే పురుగు దరిదాపులక్కూడా రాదు," అన్నాడు తిరుపతిరావు గుంపంతటికీ వినబడేలా. కంకిపాడు దాటాక ఈ కాలువ గట్ల మీద పొద్దున్నే పామును పేరుపెట్టి పిలవరు, పురుగనే అంటారు.

"బూట్లు వేసుకోమంటారేమో అనుకున్నాను," అంది సుస్మిత. ఇబ్రహీంపట్నంలో బడి టీచరు. పిల్లల్ని పక్షులు చూపించడానికి తీసుకురావాలని, ముందుగా దారి చూసుకుందామని తనొక్కతే వచ్చింది.

"బూట్లు బురదలో దిగబడతాయి మేడమ్. చెప్పులే హాయి. ఇదిగో, నన్ను చూడండి."

అందరూ నవ్వారు. జయపాల్ కూడా నవ్వాడు. శాలిని కూడా ఇలాగే నవ్వి ఉంటుందని అనుకున్నాడు.

క్రితం ఏడాది ఈ గట్టు మీదే అతని భార్య శాలినిని తాచు కాటేసింది. ఈ గైడే, ఆమెను ఆసుపత్రికి పంపలేదు. గట్టు కింద, పాముకాటుకు మంత్రం వేసే బుల్లెమ్మ గుడిసెకు నడిపించుకుపోయాడు. అక్కడ వేపమండలు ఆడించారు, నీళ్లు చల్లారు. ఆమె రెప్పలు వాలిపోతుంటే, నిద్రపడుతోంది, విషం దిగుతోందని అన్నారు. తాచు విషానికి మొదట వాలేవి రెప్పలేనని చెప్పడానికి జయపాల్ అక్కడ లేడు. ఆసుపత్రి చేరేసరికి ఊపిరి లేదు.

అంతవరకే అయితే అతను ఏడ్చి ఊరుకునేవాడేమో. పోలీసులు అడిగినప్పుడు తిరుపతిరావు చెప్పిన మాట వేరు: "ఆవిడే బుల్లెమ్మగారి దగ్గరికి తీసుకెళ్లమన్నారండీ. ఆసుపత్రి వద్దన్నారు." తోటి యాత్రికులు ముందు నడిచిపోయామని తప్పుకున్నారు. ఆమె కోరి వెళ్లిందన్న ఒక్క మాటతో కేసు మూతపడింది. సంతాపసభలో మిత్రులు అతని భుజం తట్టి, "ఎంత చదివినా, ఆఖరి క్షణంలో నమ్మకం పైకొస్తుందోయ్," అన్నారు. దేనికైనా రుజువేదని అడిగే మనిషి శాలిని. జ్వరమొస్తే ప్రార్థన చేయిస్తానన్న సొంత అక్కతో పోట్లాడి మందుబిళ్ల వేసుకున్న మనిషి. ఆమె చావును ఆమె నోటితోనే సమర్థించాడు వీడు.

ఆ మాట వీడి నోటితోనే, నలుగురి ముందూ వెనక్కి తీసుకునేలా చెయ్యాలి. జయపాల్‌కు ఇంకేమీ అక్కర్లేదు. భవానీపురంలోని ఇంటికి ఒక్కసారి కూడా పరామర్శకు రాలేదు కనుక తిరుపతిరావుకు అతని ముఖం తెలియదు. పాల్ అని పేరు రాయించుకుని యాత్రలకు రావడం ఇది మూడోసారి. తప్పు దొరకాలనే వస్తున్నాడు. నిజానికి మనసులో కోరుకున్నది తప్పు కాదు, పాము.

ఎండ ముదరకముందే కోరిక తీరింది.

నీటికోడి గూడు చూపిస్తానని తిరుపతిరావు గట్టు దిగి తుంగలో కాలు పెట్టాడు. పెట్టీ పెట్టగానే కేకేసి వెనక్కి పడ్డాడు. మడమ మీద రక్తం. తుంగలోకి జారుకుంటున్న పాము పచ్చని ఒంటి మీద నల్లని గళ్లు, కంటి కింద రెండు ఏటవాలు నల్లచారలు, గరుకు పొలుసులు: జయపాల్ అంతా స్పష్టంగా చూశాడు. నీరుకట్టె. కప్పలనూ చేపలనూ తిని బతికేది, విషం లేనిది. మళ్లీ మళ్లీ నెత్తురొచ్చేలా కరుస్తుంది, అంతే. బుల్లెమ్మ నయం చేసిన కాట్లలో సగం దీనివే అయ్యుంటాయి.

ఆ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"పురుగు ముట్టింది! దేవుడా, పురుగు ముట్టింది!"

"కదలకండి," అన్నాడు జయపాల్. పడుకోబెట్టాడు. కాలు కదలకుండా రెండు కర్రలు ఆనించి, తువ్వాలుతో వదులుగా చుట్టాడు. కాటు మీద బ్లేడు పెట్టబోయిన ఒకాయన చెయ్యి పట్టి ఆపాడు. చెయ్యవలసినవన్నీ చేశాడు. చెప్పవలసిన ఒక్క మాట తప్ప.

"బుల్లెమ్మగారిల్లు ఇక్కడేగా," అన్నాడు నెమ్మదిగా. "మోసుకుపోదామా?"

"బుల్లెమ్మా లేదు, బూడిదా లేదు! ఆసుపత్రికి పదండి సార్!"

"దారం కూడా ఉందిగా మీ చేతికి."

"మీకు దణ్ణం పెడతా సార్, ఎగతాళి చెయ్యకండి!"

"మనల్ని దింపిన వ్యాన్ పిలవండి మరి," అంది సుస్మిత. "రోడ్డు మీదే ఉందిగా?"

తిరుపతిరావు చూపు తప్పించాడు. ఆమె మళ్లీ అడిగింది.

"లేదండీ. బందరు వెళ్లింది. అక్కడింకో బ్యాచ్ ఉంది."

వ్యాన్ తమకోసం రోడ్డు మీద ఆగి ఉంటుందనే అందరూ అనుకున్నారు; మూడు యాత్రలుగా తప్పులు వెతుకుతున్న జయపాల్ కూడా.

"అంటే మాలో ఎవరికైనా ఏదన్నా అయితే?" అన్నాడు కిరీటి అనే బ్యాంకు ఉద్యోగి, అంబులెన్సుకు ఫోన్ కలుపుతూనే. "నడిపిద్దామనుకున్నావా?"

అంబులెన్సు బయల్దేరింది గానీ దూరంలో ఉందన్నారు. వ్యాన్ సంగతికి రుజువుండాలని కిరీటి ఫోన్లో రికార్డింగు పెట్టాడు. జయపాల్ తిరుపతిరావు తల దగ్గర కూర్చున్నాడు. గైడు ముఖం చెమటతో జిడ్డుగా ఉంది.

"సార్, చూడండి. నా రెప్పలు వాలుతున్నాయా?"

ఆ ప్రశ్న కోసమే ఏడాదిగా బతికినట్టనిపించింది జయపాల్‌కు. అబద్ధం చెప్పలేదు. జవాబే చెప్పలేదు.

"రెప్పల సంగతి మీకెలా తెలుసు?" అన్నాడు. "నిరుడు ఇక్కడ ఒకావిడకు రెప్పలు వాలితే నిద్రపడుతోందన్నారట."

"తెలుసండీ. తెలిసే అన్నాను. లేకపోతే గోలయిపోయేది."

"ఆవిడే బుల్లెమ్మ దగ్గరికి తీసుకెళ్లమందట కదా?"

తిరుపతిరావు కళ్లు మూసుకున్నాడు. వెంటనే రెప్పలు గుర్తొచ్చి భయంతో పెద్దవి చేసుకున్నాడు.

"లేదండీ. ఆవిడ ఆసుపత్రికే అన్నారు. దారంతా అదే అడిగారు. వ్యాన్ లేదు, ఇలాగే ఇంకెక్కడికో పంపేశాను. గుంపుని వదిలి వ్యాన్ పంపకూడదని రూలు. అంబులెన్సొస్తే మీ వ్యానేదని అడుగుతారని పిలవనివ్వలేదు. వ్యానొచ్చేదాకా ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలిగా... నాకా మంత్రాల మీద నమ్మకమెక్కడిదండీ? ఉంటే అక్కడికే పోదును కదా ఇప్పుడు!"

సుస్మిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కిరీటి ఫోను రికార్డు చేస్తూనే ఉంది.

ఇన్నాళ్లూ జయపాల్ ద్వేషించింది ఒక మూఢనమ్మకాన్ని. అది అసలు లేనేలేదు. వేపమండలు, నీళ్లు, మంత్రం, అన్నీ ఒక వ్యాన్ లేదన్న సంగతిని కప్పిపుచ్చడానికే. నిజంగా నమ్మి చేసినవాడినైతే ఎప్పటికైనా క్షమించగలిగేవాడేమో.

"శాలిని మా ఆవిడ," అన్నాడు.

తిరుపతిరావు అతని ముఖంలోకి చూసి, చెయ్యి పట్టుకుని, ఏదో అనబోయి ఏడ్చాడు. జయపాల్ ఆ చెయ్యి విడిపించుకోలేదు. పాము పేరూ చెప్పలేదు. అంబులెన్సు వచ్చేదాకా ఆ మనిషి గుక్కగుక్కకీ గాలి పీలుస్తూ, కళ్లు తెరుచుకునే ఉన్నాడు. జయపాల్ ఒక్క గుక్క కూడా వదలకుండా చూశాడు.

ఆసుపత్రిలో స్ట్రెచరు లోపలికి వెళ్తుంటే డాక్టరును పక్కకు పిలిచి, "నీరుకట్టె. నా కళ్లతో చూశాను. అక్కర్లేని మందు ఎక్కించకండి," అన్నాడు. వెనకే నిలబడ్డ సుస్మిత ఆ మాట విన్నది.

పరీక్షలయ్యాక, ప్రాణానికి భయం లేదని తెలిశాక, తిరుపతిరావు మంచం మీద లేచి కూర్చున్నాడు. పాము పేరు డాక్టరే చెప్పాడు.

"తెలిసీ నన్ను అంతసేపు చంపారు కదండీ," అన్నాడు జయపాల్‌తో.

"మీరు బతికే ఉన్నారు."

"నేనూరుకోను. మీ మీద కేసు పెడతా."

"తప్పకుండా పెట్టండి. మంత్రం వేసే బుల్లెమ్మ పక్కనుండగా ఎందుకంత భయపడ్డావని అడుగుతారు. ఇందాక గట్టు మీద చెప్పిందే చెప్పాలి మరి."

తిరుపతిరావు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బయట వసారాలో సుస్మిత అతన్ని ఆపింది. ఆమె గొంతులో గౌరవం తగ్గలేదు, కానీ ఆప్యాయత లేదు.

"పోలీసు స్టేషనుకు నేనూ వస్తాను సార్. ఆయన అన్నదంతా చెబుతాను. మీరు చేసిందీ చెబుతాను. ఆయన రెప్పల గురించి అడుగుతుంటే మీ ముఖం చూశాను నేను."

"రెండూ చెప్పమ్మా," అన్నాడు జయపాల్. "ముందు నాదే చెప్పు. నన్ను వెనకేసుకొస్తున్నావనుకుంటే ఆయన మాట కూడా నమ్మరు."

ఆమె ఆటో పిలిచింది. కిరీటి ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. దారిలో జయపాల్ తనలో ఎక్కడైనా జాలి ఉందేమోనని నిజాయితీగా వెతుక్కున్నాడు. లేదు. స్టేషను ముందు ఆటో ఆగకముందే దిగబోయి, సుస్మిత చెయ్యి అడ్డం పెట్టడంతో మళ్లీ కూర్చున్నాడు.