విప్పకూడని కట్టు

మా ఆయన గోపయ్య బొగ్గుబాయిలో ఫస్ట్ ఎయిడ్ నేర్చుకున్నాడు. గనుల వాళ్లకు పెట్టే ఫస్ట్ ఎయిడ్ పోటీలు దగ్గరపడితే చాలు, డ్యూటీ దిగి రాగానే నన్ను మంచం మీద పడుకోబెట్టి కాళ్లకూ చేతులకూ కట్లు కట్టేవాడు. కట్టినవన్నీ విప్పి మళ్లీ కట్టేవాడు. అవతల కూర మాడిపోతుంటే, నీకు ఈ సోమమ్మ ఒళ్లే దొరికిందా అని విసుక్కునేదాన్ని.

ఆ ఎండాకాలం బీరపాదుకు పందిరి వేద్దామని పాల్వంచ అవతలి అడవికి వెదురు కోసం పోయాం. కత్తి జారి ఆయన తొడలో దిగింది. ఆయనే కండువా మడిచి గాయం మీద అదిమి, నా కొంగు చింపించి గట్టిగా కట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు. నెత్తురు ఆగినట్టే అనిపించింది.

అక్కడే నా బుద్ధి గడ్డి తింది. కట్టడం, విప్పడం రోజూ చూసిన అలవాటేగా. ఆగిందో లేదో చూద్దామని ముడి విప్పి కండువా ఎత్తాను. రక్తం బుస్సున చిమ్మింది.

"ఇది పోటీ గాదే," అన్నాడు. పెదాలు తెల్లబడుతున్నాయి. "రెండు చేతులతోటి ఒత్తు. బట్ట తడిస్తే తియ్యకు, పైన ఇంకోటి పెట్టు. దవాఖానా దాకా చెయ్యి ఎత్తకు."

నా కేకలకు పక్కనున్న లంబాడీ తండా నుంచి భద్రు, వాళ్ల తమ్ముడు బిచ్యా బండి తోలుకొచ్చారు. గాయంలో పొగాకు పొడి కొడదామంటే కసిరాను. నేను ఒత్తుతూ ఉండగానే ఆయన్ని మెల్లగా బండిలోకి చేర్చారు.

సగం దారిలో ఆయన మాట ఆగిపోయింది. పిలిచాను, పలకలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూద్దామంటే చెయ్యి ఖాళీ లేదు. భద్రును చూడమనడానికి నోరు రాలేదు. లేడంటే ఏం చెయ్యను? బతికున్నాడో లేదో తెలియని మనిషిని రెండు మైళ్లు అట్లాగే ఒత్తిపట్టుకున్నాను. అంత భయం నా జన్మలో ఎరగను.

దవాఖానాలో నర్సమ్మ చెయ్యి తియ్యమంది. తియ్యలేదు. డాక్టరు చెప్పినా తియ్యలేదు. వేళ్లు ఊడదియ్యబోతే ఆ డాక్టర్నీ తిట్టాను. తీస్తే ఏం వినాల్సి వస్తుందోనని నా బెదురు.

అప్పుడు మంచం మీంచి సన్నగా వినిపించింది.

"సోమా, ఇగ తియ్యి."

తీశాను. ఆ నెత్తుటి చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చాను.