వెల్లకిలా పడిన కోడి

తొమ్మిదేళ్ల తరువాత తలాతాను చూడడానికి ఆమె తమ్ముడు దొకురుగు వచ్చాడు. సైకిలు హ్యాండిలుకు ఒక తెల్లకోడి తలకిందులుగా వేలాడుతోంది. ఊళ్లు వెలివేసిన ఆడవాళ్లుండే ఆ మంత్రగత్తెల పేటలో ఎవరికైనా అతను వచ్చిన పని తెలియడానికి ఆ కోడి చాలు.

నూనె తీయడానికి షియా గింజల ముద్దను రెండు చేతులతో పిసుకుతున్న తలాతా లేవలేదు.

"నీ కూతురికి ఎనిమిదో నెలక్కా," అన్నాడు దొకురుగు, కుశల ప్రశ్నలు పూర్తికాకముందే. "కాన్పుకి అమ్మే కావాలని కూర్చుంది. ఊరి పెద్దలు సరేనన్నారు. ఇంకోసారి కోడిని అడగమన్నారంతే."

"నేనడగను."

పక్క గుడిసె అజారా పకపకా నవ్వింది. "నాకిచ్చెయ్ తమ్ముడూ, ఏమీ అడక్కుండానే కూరొండేస్తా. కోడిముక్క నోట్లో పడి ఎన్నేళ్లయిందో!"

పేటకు తెచ్చిన ప్రతి స్త్రీ పేరిటా అక్కడి నేలకు పూజలు చేసే పూజారి ఒక కోడి గొంతు కోసి వదులుతాడు. అది కొట్టుకుని కొట్టుకుని వెల్లకిలా పడి చస్తే ఆమె నిర్దోషి. బోర్లా పడితే మంత్రగత్తె. తొమ్మిదేళ్ల కిందటి ఎండాకాలంలో, మెడలు బిగుసుకుపోయే జ్వరం వచ్చి తలాతా ఊళ్లో పదకొండు మంది పిల్లలు పోయారు. పది చావులకు ఎవరూ కారకులను వెతకలేదు. పదకొండోవాడు ఆమె సవతి కొడుకు. పోవడానికి రెండు రోజుల ముందు ఆమె వాణ్ణి కసిరింది. ఆమె పేరిట కోసిన కోడి బోర్లా పడింది.

అంతకన్నా ఘోరం, తలాతా దాన్ని నమ్మింది. తాను నిద్రలో ఉండగా తన ప్రాణం ఎక్కడ తిరిగి ఎవరిని తిని వస్తోందో తనకే తెలియదనుకుంది. ఐదేళ్లపాటు ఏ పసిబిడ్డనూ తాకలేదు. బిడ్డ ఏడుపు వినబడితే చేతులు చీరగుడ్డలో దాచుకునేది. ఆరో ఏట బాప్తిస్మం పొందింది. నువ్వెవరివో చెప్పే హక్కు నిన్ను చేసినవాడిదేనని ఉపదేశి తంపూరి అన్నాడు. ఆ మాట కన్నా ఆ రోజు జరిగిన మరొకటి ఆమెకు బాగా గుర్తుంది: ఉపదేశి భార్య తన నెలల పిల్లను అడగకుండానే ఆమె ఒళ్లో పడేసి, పాటల పుస్తకం తెచ్చుకోవడానికి వెళ్లిపోయింది.

"నీలో తప్పు లేదని అంత నమ్మకముంటే భయమెందుకక్కా?"

"భయం కాదురా. దాన్ని అడిగితే, నా సంగతి చెప్పే హక్కు దానికుందని ఒప్పుకున్నట్టేగా."

"ఇవన్నీ పుస్తకంలో మాటలు. మీ దేవుడొచ్చి పురుడు పోస్తాడా?"

ఆమె మళ్లీ ముద్ద పిసకసాగింది. అతను విసురుగా కోడిని విప్పుకుని పూజారి ఇంటికి ఒక్కడే వెళ్లాడు. ఎండ నడినెత్తికి రాకముందే పరుగున తిరిగివచ్చాడు.

"వెల్లకిలా పడిందక్కా! కాళ్లు రెండూ ఆకాశానికి!"

తలాతా దిగ్గున లేచింది. నూనె ఓడుతున్న చేతులు పైకెత్తి, పేటంతా వినబడేలా, "చెప్పలేదూ! నేను కాదని చెప్పలేదూ!" అని అరిచింది.

నాలుగేళ్లలో ఏ ఆరాధనలోనూ ఆమె గొంతు అంతగా పలకలేదు. ఆ సంగతి ఆమెకు మరుక్షణమే తెలిసింది. ఉన్నచోటనే మెల్లగా కూర్చుంది.

"పద. పూజారి పుట్టమన్ను నీళ్లు కలిపి ఉంచాడు. తాగితే శుద్ధి అయినట్టే. చీకటి పడేలోపు ఇల్లు చేరొచ్చు."

"వచ్చే ఎండల్లో ఇంకో పిల్లాడు పోతేనో?"

"అప్పుడు ఇంకో కోడి..." అని అతను ఆగిపోయాడు.

"అదీ!"

దొకురుగు సైకిలు అందుకున్నాడు. "నీ కూతురికి ఏం చెప్పమంటావు?" అన్నాడు.

"కోడి మాట మీద రానని చెప్పు. నా మాట మీద రమ్మంటే నడిచొస్తా."

"శుద్ధి నీళ్లు తాగకుండా వస్తే పెద్దాళ్లు రాళ్లతో ఎదురొస్తారే."

"తెలుసు."

"మొండి ఘటానివి," అన్నాడతను. ఖాళీ సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

ఆదివారం గుడి వాకిట్లో ఉపదేశి ఎదురొచ్చాడు. "విన్నానమ్మా. ఇవాళ సాక్ష్యం చెప్పు. సంఘానికి బలం."

"ఏం చెప్పనయ్యగారూ? కోడి వెల్లకిలా పడిందనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రభువు కడిగాడని మీరన్న రోజున కూడా అంత సంతోషం కలగలేదు. అది బోర్లా పడుంటే ఇవాళ ఇక్కడికొచ్చేదాన్నా?"

ఇటువంటి ప్రశ్నలకు తంపూరి దగ్గర కంఠస్థమైన జవాబులు చాలానే ఉన్నాయి. ఆమె ముఖం చూశాక వాటిని పక్కన పెట్టేశాడు.

"తెలీదమ్మా," అన్నాడు.

"నాకూ తెలీదు. కానీ వచ్చాను."

లోపలికి వెళ్లి ఆడవాళ్ల బల్ల మీద తన చోట కూర్చుంది. నెల తిరిగేసరికి కూతురు ప్రసవిస్తుంది. ఆడపిల్లో మగపిల్లాడో, బతికారో లేదో కబురు తెచ్చేవారెవరూ ఇక లేరు. పాట మొదలైంది. మొదటి చరణం వింటూ కూర్చుని, రెండో చరణం నుంచి ఆమె గొంతు కలిపింది.