నిమారా మునగలేదు

మతి పోవడమంటే మరిచిపోవడమని లోకం అనుకుంటుంది. ఒనేలియాకి తెలిసిన మతిపోవడం వేరు. వాళ్ళమ్మ ఏదీ మరిచిపోలేదు. ఒకనాటి మధ్యాహ్నం, పోయి రెండేళ్ళయిన కొడుకు ఎలియో ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్ళాడని చెప్పింది. మీసం పెంచాడని, అది వాడి మొహానికి బొత్తిగా నప్పలేదని కూడా చెప్పింది. అంత వివరంగా చెబితే నమ్మనివాడెవడు? ఎలియో శవపేటికకి భుజం పట్టినవాళ్ళు కూడా ఒక్క క్షణం గుమ్మం వైపు చూశారు. అలా మొదలైంది. ఏడాది తిరక్కుండానే, పక్కింటివాళ్ళు కాస్త చూస్తూండమని వదిలిన చంటివాణ్ణి ఇంట్లో పెట్టి తాళం వేసి, కొడుకుకి ఎదురెళ్ళాలని బస్టాండుకి వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలు పెట్టి మరీ వెళ్ళింది. పొగ చూసి ఎవరో తలుపు పగలగొట్టబట్టి పిల్లవాడు బతికాడు.

అందుకే ఒనేలియాకి తమ ఊరు పినార్ దెల్ రియో మీద విరుచుకుపడే తుఫానులన్నా భయం లేదు, దయ్యాలన్నా భయం లేదు. జరగనిది జ్ఞాపకం రావడమొక్కటే భయం. అరవై ఆరేళ్ళ వయసు దాకా ఆ భయం ఆమె గుమ్మం తొక్కలేదు. తొక్కినది ఒక ఆదివారం, అదీ ఆమె ఎన్నడూ లేనంత సంతోషంగా ఉన్న రోజుల్లో.

సంతోషానికి కారణం గ్రంథాలయం గోడకి అంటించిన ఒక కాగితం. ‘ఉప్పురాజ్యం అభిమానుల సభ, ప్రతి ఆదివారం, వెనక వసారాలో’ అని ఉంది. చదివీ చదవగానే ఆమెకి ఒళ్ళు ఝల్లుమంది. ఉప్పురాజ్యం! ఆ పేరు విని దగ్గర దగ్గర నలభై ఏళ్ళు.

నిజానికి ఆ పుస్తకాలు ఆమె చదవలేదు, విన్నది. వయసులో ఉండగా చుట్టల ఫ్యాక్టరీలో పనిచేసేది. వరసలుగా బల్లలు, బల్లల ముందు ఆడా మగా, ఎదురుగా ఎత్తు మీద కుర్చీలో చదువరి ఫెర్మిన్. పనివాళ్ళు చుట్టలు చుడుతుంటే పొద్దున వార్తలు, మధ్యాహ్నం నవల పైకి చదివి వినిపించేవాడు. ఏ నవల చదవాలో పనివాళ్ళే చేతులెత్తి తేల్చేవారు. ఒకసారి ఓట్లు ఉప్పురాజ్యానికి పడ్డాయి. ఇంక అయిదు భాగాలూ అయ్యేదాకా ఇంకో పుస్తకం పేరెత్తనివ్వలేదు. సముద్రం వెనక్కి పోయిన లోకం, ఉప్పుతో కట్టిన కోటలు, ఉప్పునది మీద పడవ నడిపే నిమారా అనే పిల్ల. ఫెర్మిన్ గొంతులో నిమారా నవ్విందంటే ఆకు చుట్టే చేతులు ఆగిపోయేవి. ఘట్టం రక్తి కట్టినప్పుడు చవేటాలనే ఆకు కోసే కత్తుల్ని తిరగేసి బల్లల మీద టకటకలాడించేవారు.

కాగితం చూసిన వారమే సభకి వెళ్ళింది. ఎవరైనా తరిమేస్తారేమోనని వెనక బెంచీ మీద ఒదిగి కూర్చుంది. అందరూ కుర్రకారే. ఒకమ్మాయి బుగ్గల మీద ఉప్పుచారలని తెల్లరంగు పూసుకుంది. సభ నడిపేది ఒస్మానీ అని, బళ్ళో లెక్కలు చెప్పే మాస్టారు, జుట్టు వెనక్కి కట్టుకునే మనిషి. ఈమె ఆ కథ చదువరి నోట విన్నదని తెలిసేసరికి లేచి నిలబడ్డాడు.

“ఫెర్మిన్ గారి నోటా! పెద్దమ్మా, మీరు వెనకాల కూర్చోవడమేమిటండీ? రండి, ముందుకి రండి!”

అప్పట్నుంచి ముందు కుర్చీ ఆమెది. పక్కవీధిలో ఉండే నెరేయిదా ఆటపట్టించేది. “ఈ వయసులో కుర్రకుంకలతో చేరి కోటలు కట్టుకుంటున్నావటగా? రేపు నువ్వూ మొహాన తెల్లరంగు పూసుకొస్తావు, చూసి జడుసుకోవాలి మేము.” ఫ్యాక్టరీలో ఒనేలియా పక్కబల్ల నెరేయిదాదే. మనిషి మంచిదేగానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఊళ్ళో ఎవరింట్లో గిన్నె జారినా ఆవిడ నోటెంట నాలుగు వీధులు తిరిగొస్తుంది.

ఇక ఆ భయం గుమ్మం తొక్కిన ఆదివారం సంగతి. ‘మీకు బాగా నచ్చిన ఘట్టం చెప్పండి పెద్దమ్మా’ అన్నాడు ఒస్మానీ. ఒనేలియా ఉత్సాహంగా అందుకుంది. నాలుగో భాగంలో నిమారా పెళ్ళి చెప్పింది. పడవలన్నిటికీ దీపాలు కట్టడం, ముసలి కోటకాపరి తాగి నదిలో పడడం, విందులో వెల్లుల్లి వేసి వండిన కర్రపెండలం.

“ఉప్పురాజ్యంలో కర్రపెండలమా!” అని రంగు పూసుకున్న అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వి, చుట్టూ చూసి ఆపేసింది. ఇంకెవరూ నవ్వడం లేదు.

“పెద్దమ్మా,” అన్నాడు ఒస్మానీ మెల్లగా, “నిమారా మూడో భాగంలోనే చచ్చిపోయింది కదండీ. నదిలో మునిగిపోతుంది. పెళ్ళేమీ లేదు.”

“అవునవును, వేరే కథతో కలిపేశాను. ముసలిదాన్నయిపోయానుగా,” అని ఒనేలియా పైకి నవ్వింది. వాళ్ళూ నవ్వారు, మర్యాదకి. ఆ మర్యాదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. వాళ్ళమ్మ ఎలియో మీసం గురించి చెప్పినప్పుడు ఇరుగుపొరుగు నవ్వింది కూడా సరిగ్గా అలాగే.

మూడో భాగం అరువడిగి ఇంటికి తెచ్చుకుంది. అట్ట ఊడి, కాగితాలు పచ్చబడిన పాత ప్రతి. వెతగ్గా దొరికింది: ‘నీళ్ళు నిమారా మీద మూసుకున్నాయి.’ ఇంకో వాక్యం చదవడానికి ధైర్యం చాల్లేదు. టపీమని మూసేసింది.

మరి పెళ్ళి సంగతేమిటి? అయిదో భాగంలో నిమారాకి పుట్టిన కవలల సంగతేమిటి? ఇవన్నీ ఫెర్మిన్ గొంతుతో సహా ఆమెకు వినబడుతున్నాయే! ఆలోచించిన కొద్దీ ఇంకా భయమేసింది. మూడో భాగం నడిచినది డెంగీ జ్వరం ఊరిమీద పడిన ఏడు. ఆ జ్వరంలోనే ఆమె పెద్దపిల్ల పోయింది, నాలుగేళ్ళది. ఆ సంగతి ఒనేలియా ఎవరి దగ్గరా ఎత్తదు, కడుపులోనే పెట్టుకుంది. కొన్నాళ్ళు పనికి పోలేదు. పోయాక కూడా మనసు మనసులో లేదు. అంటే అప్పుడే చెడిందా మతి? చెడిన మతితోనే ఇన్నేళ్ళూ బతికి, ఇంకో పిల్లని కని, పెంచి, డాక్టర్ని చేసిందా?

ఆ డాక్టరమ్మ ఇడాల్మిస్ ఇప్పుడు అంగోలాలో ఉంది, అక్కడి ఆసుపత్రిలో పనికి వెళ్ళింది. ఏడేళ్ళ కూతురు లియానెట్‌ని తల్లి చేతిలో పెట్టి, ‘నువ్వున్నావు గనకే వెళ్తున్నానమ్మా’ అని మరీ వెళ్ళింది. అసలు భయం అక్కడుంది. తన మతి తనకి పోతే పోయింది, చూసుకోవాల్సిన పసిపిల్ల ఒకతె ఉంది. నిజం చెబితే ఇడాల్మిస్ పని మధ్యలో వదిలి రావాలి, అన్నాళ్ళ కష్టమూ బూడిదలో పోసిన పన్నీరే. చెప్పకపోతే ఏ పొయ్యి మీద ఏ పాలు పొంగుతాయో.

అనుమానం పెనుభూతం అన్నారు. ఒనేలియా ఇంటి తాళంచెవి తీసి పక్కింట్లో ఇచ్చేసింది, పిల్లని లోపల పెట్టి తాళం వేసే దారే లేకుండా. పొయ్యి ఆర్పాక మళ్ళీ వెళ్ళి చెయ్యి పెట్టి చూసేది. “అమ్మమ్మా, పొయ్యికి జ్వరమొచ్చిందా?” అని అడిగింది లియానెట్. ఇడాల్మిస్ ఫోన్ చేసినప్పుడు పొడిపొడిగా మాట్లాడేది. “గొంతు అలా ఉందేమిటమ్మా?” అంటే, “పడిశం” అనేది.

ఇలా ఉండగా ఒక సాయంత్రం బడి దగ్గరికి వెళ్ళేసరికి పిల్లలందరూ వస్తున్నారు, లియానెట్ రాలేదు. వరండా ఖాళీ అయిపోయింది. ఎవరైనా అయితే లోపలికి వెళ్ళి అడుగుతారు. ఒనేలియాకి వేరే ఆలోచన వచ్చింది: ఇందాకే తీసుకెళ్ళిపోయానేమో. తీసుకెళ్ళి ఇంట్లో దించి, మళ్ళీ వచ్చానేమో. పిల్ల చెయ్యి పట్టుకుని నడిచినట్టు కూడా అనిపించింది. అది నిన్నటి చెయ్యో ఇవాల్టి చెయ్యో తేలలేదు. ఇంటికి పరిగెత్తింది. పొయ్యి చల్లగా ఉంది, ఇల్లు ఖాళీగా ఉంది. మళ్ళీ బడికి పరిగెత్తింది. లియానెట్ గేటు దగ్గర టీచరు పక్కన నిలబడి ఉంది. పాటల పోటీకి సాధన అట. పొద్దునే చెప్పానుగా అంది పిల్ల.

“ఎందుకు ఏడుస్తున్నావు అమ్మమ్మా?”

“చెమట,” అంది ఒనేలియా.

పొద్దున పిల్ల చెప్పిందో లేదో ఆమెకు గుర్తు లేదు. ఇక ఆగకూడదనుకుంది. రేపే ఇడాల్మిస్‌కి చెప్పెయ్యాలి. కాకపోతే దానికి ముందు ఒక్క మనిషిని అడగాలి. నెరేయిదాని. పక్కనే కూర్చుని అదే కథ విన్న మనిషి, ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క మనిషి. ఇన్నాళ్ళూ అడగకపోవడానికి కారణం పెద్దదేం కాదు. అడిగితే తెలిసిపోతుంది, అంతే.

మర్నాడు పిల్లని బడిలో దించి, పుస్తకం సంచీలో వేసుకుని వెళ్ళింది. నెరేయిదా వాకిట్లో పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

“రావే, రా. ఏమిటా మొహం? ఎవరైనా పోయారా?”

“నెరేయిదా, నిమారా ఏమైంది?”

“ఏ నిమారా?”

“ఉప్పురాజ్యంలో పడవ పిల్ల. చచ్చిందా బతికిందా?”

నెరేయిదా వేళ్ళు బియ్యంలో ఆగిపోయాయి. ఆవిడ మాట్లాడకుండా ఉండడం ఒనేలియా చూసి ఎరగదు.

“చచ్చిపోయింది,” అంది నెరేయిదా చివరికి. “మూడో పుస్తకంలో. మునిగిపోయింది.”

ఒనేలియా గోడ పట్టుకుంది. “సరే,” అంది. “అయితే అమ్మకొచ్చిందే నాకూ వచ్చింది. ఇడాల్మిస్ వచ్చేదాకా లియానెట్‌ని నీ దగ్గర పెట్టుకో. ఇవాళే తెచ్చి దింపుతాను. నా దగ్గర ఉంచొద్దు, నీకు దణ్ణం పెడతాను...”

“ఆగవే! ఏమొచ్చింది నీకు?”

“నాకు పెళ్ళి గుర్తుంది నెరేయిదా. నిమారా పెళ్ళి. జరగని పెళ్ళి!”

“కర్రపెండలం వండారు, అదేగా? కోటకాపరి తాగి నదిలో పడ్డాడు, అదేగా?” నెరేయిదా పళ్ళెం కింద పెట్టేసింది. “నీ మతికేం కాలేదే మొద్దూ. నువ్వు విన్నదే నేనూ విన్నాను. పుస్తకంలో లేదు, అంతే. ఫెర్మిన్ కల్పించాడు.”

ఒనేలియాకి అర్థం కాలేదు. నెరేయిదా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

“పిల్ల పోయి నువ్వు పనికి రాని రోజుల్లో సంగతి ఇది. మర్నాడు చదవాల్సింది ఫెర్మిన్ ఇంటి దగ్గర ముందే చూసుకునేవాడు కదా. ఒకరోజు వచ్చి, పుస్తకం తెరవకుండా కూర్చున్నాడు. ‘ముందర ఈ పిల్ల చావుంది. ఒనేలియా సోమవారం నుంచి వస్తోందట. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి’ అన్నాడు. ఓటు పెట్టాం.”

“ఏమని?”

“నిమారాని బతకనివ్వాలా వద్దా అని.”

“అందరూ చెయ్యెత్తారా?”

“నేనెత్తలేదు.” నెరేయిదా మొహం పక్కకి తిప్పుకుంది. “అదేమైనా పసిపిల్లా, విని ఏడవనివ్వండి, లేకపోతే ఆ ఏడుపు దాని కడుపులోనే కుళ్ళిపోతుందన్నాను. నా మాట ఎవడు విన్నాడు? ఓడిపోయాను. ఓడిపోయాక గదిలో అందరిదీ ఒకటే మాట. నీకు తెలియనివ్వకూడదని.”

“ఇన్నేళ్ళూ చెప్పలేదా? నువ్వా?”

“నా నోటి సంగతి నాకు తెలీదనుకోకు. ఎన్నిసార్లు నాలుక్కొరుక్కున్నానో. ఫెర్మిన్ పాపం ఏం రచయిత? రోజూ ఇంటికెళ్ళి రాసుకొచ్చేవాడు. విందంటే వాడికి తెలిసింది కర్రపెండలమే, అదే పెట్టించాడు. వాడు చదువుతుంటే మేం కథ వినేవాళ్ళమనుకున్నావా? నీ చేతులు చూస్తూ కూర్చునేవాళ్ళం. సాయంత్రం నీ చవేటా నేనే పట్టుకెళ్ళిపోయేదాన్ని, పొద్దున మళ్ళీ నీ బల్ల మీద పెట్టేదాన్ని. నువ్వు గమనించనేలేదు.”

“ఎందుకు పట్టుకెళ్ళావు?”

“ఎందుకేమిటే,” అంది నెరేయిదా. “నీ కళ్ళు అలా ఉండేవి. కత్తి నీతో ఇంటికి రానివ్వాలంటే మాకు భయమేసేది.”

ఇన్నాళ్ళూ ఒనేలియా గుండె మీద కూర్చున్న భయం దిగిపోయింది. లియానెట్ తన దగ్గరే ఉంటుంది, ఇడాల్మిస్ రానక్కర్లేదు. ఆ మాట మనసులో అనుకుంది గానీ తేలిక పడలేదు. ఆ భయం లేచిన చోట ఇంకో బరువు కూర్చుంది, పాతది, ఇన్నేళ్ళూ కడుపులోనే పెట్టుకున్నది.

సంచీలోంచి పుస్తకం తీసి నెరేయిదా ఒళ్ళో పెట్టింది.

“చదువు.”

“ఏమిటి చదివేది?”

“నిమారా మునిగే అధ్యాయం. నాకు వినిపించలేదుగా మీరు.”

“కళ్ళద్దాలు లేవే.”

“నీ నెత్తి మీదే ఉన్నాయి.”

నెరేయిదా కళ్ళద్దాలు దించుకుంది. పుట తీసింది, మళ్ళీ మూసింది. “నాకు భయమేస్తోందే,” అంది.

“నాకూ వేస్తోంది. చదువు.”

నెరేయిదా చదవడం మొదలుపెట్టింది. ఫెర్మిన్ గొంతు కాదు ఆవిడది. పదాలు మింగింది, ఒక వరస వదిలేసి వెనక్కి వచ్చింది. పడవ పగిలింది. నిమారా నీళ్ళలో చేతులెత్తింది, ఒడ్డున నిలబడి తల్లి ఆమెను పేరు పెట్టి పిలుస్తోంది. నీళ్ళు నిమారా మీద మూసుకున్నాయి.

“మిరేలిస్,” అంది ఒనేలియా పైకి.

చచ్చిపోయిన కూతురి పేరు ఆమె నోట రావడం నెరేయిదా వినడం అదే మొదలు. చదువు ఆగిపోయింది.

“ఆపకు,” అంది ఒనేలియా, వెక్కి వెక్కి ఏడుస్తూ. “చివరిదాకా చదువు.”

నెరేయిదా కళ్ళు తుడుచుకుని చదివింది.