మొప్పలు ఎర్రగా ఉంటేనే

ఎమ్మిగనూరు సంతలో ముప్పై ఏళ్లు చేపలమ్మిన మార్తమ్మ ఒక్కరోజైనా హోటల్లో కూర్చుని చేప తినలేదు. ఆ ముచ్చట తీర్చాలని, ఆదోనిలో నర్సుగా పనిచేసే కూతురు సంతోషి ఆమెను స్కూటీ మీద తుంగభద్ర ఒడ్డుకు తీసుకెళ్లింది.

మొదటి హోటల్లో మార్తమ్మ నేరుగా వంటింట్లోకి పోయి చేప మొప్ప ఎత్తి చూసింది. నల్లబడి ఉంది.

"ఇది ఐసులో నాలుగు దినాలుండింది. పద పాపా," అంది.

రెండో హోటల్లోనూ అదే మాట. సంతోషికి ఆకలితో కళ్లు తిరుగుతున్నాయి.

"ఏదో ఒకటి తినేసి పోదాంలేమా!"

"ఏదో ఒకటి తినేకి ఇంత దూరం వచ్చినామా? ఇంగా ముందుకు పోనీ."

ఒడ్డు వెంబడి చాలా దూరం పోయాక రేకుల షెడ్డు హోటలొకటి కనిపించింది. యజమాని మహేశ్వర్ అప్పుడే పుట్టి పడవలోంచి చేపలు దింపుతున్నాడు. మార్తమ్మ మొప్ప ఎత్తింది. ఎర్రగా నిగనిగలాడుతోంది. వెంటనే, అలవాటు కొద్దీ, కత్తిపీట ముందు కూర్చోబోయింది.

"నువ్వు ఆడ కుర్సీలో కూసో పెద్దమ్మా. కోసేది మేం జూసుకుంటాం," అన్నాడు మహేశ్వర్.

మార్తమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, వెళ్లి నదికి ఎదురుగా కూర్చుంది. పులుసు వచ్చాక మూడుసార్లు అన్నం పెట్టించుకుంది.

"ఉప్పు రవ్వంత తక్కువైంది," అంది, నాలుగోసారి వడ్డించమని పళ్లెం ముందుకు జరుపుతూ.