కళ్ళాపి ఆరేదాకా

మిల్లు ఆఫీసు వరండాలో ఒకటే బల్ల ఉంది. దానికి ఈ కొసన సుభానీ, ఆ కొసన గురునాథం కూర్చున్నారు. ఇద్దరిలో ఒకరు నూలు మిల్లు హాకీ జట్టుకి హెడ్ కోచ్ కావాలి. ఏప్రిల్ ఎండ మెట్ల దాకా వచ్చి ఆగింది. సుభానీ లేచి కూజాలోంచి నీళ్ళు వంచి, ముందు గురునాథానికి గ్లాసు అందించి, తర్వాత తను తాగాడు. లోపల్నుంచి కిటికీలోంచి అది చూసిన త్యాగరాజు మొహం తిప్పుకున్నాడు. అంత మంచితనం చూసి తట్టుకునే ధైర్యం ఆ పూట ఆయనకి లేదు.

త్యాగరాజు మిల్లులో వెల్ఫేర్ ఆఫీసరు, జట్టుకి సెక్రటరీ. పధ్నాలుగు మంది ఆటగాళ్ళకి ఆడటమే ఉద్యోగం, అందుకే జీతం. సెప్టెంబరులో బొంబాయి వెళ్ళి ప్లాస్టిక్ పచ్చిక మీద ఆడాలి. అక్కడ పరువు దక్కకపోతే జట్టు ఎత్తేస్తానని యజమాని అంకమ్మరావు ముందే చెప్పేశాడు. పాత కోచ్ జనవరిలో రైల్వేకి వెళ్ళిపోయాక జట్టుని నెట్టుకొస్తున్నది సుభానీ. పగలు మిల్లులో ఫిట్టరు, సాయంత్రాలు అసిస్టెంటు కోచ్. తొమ్మిదేళ్ళుగా అంతే. హెడ్ కోచ్ పదవి ఇవాళ రాకపోతే ఇక ఎప్పటికీ రాదని అతనికీ తెలుసు.

అంకమ్మరావు ముందు బల్ల మీద త్యాగరాజు రాసిన రిపోర్టు ఉంది. మార్చిలో బెజవాడ సెమీఫైనల్లో గోల్‌కీపరు హయాత్ కళ్ళు వాచి రెండు బంతులు వదిలేశాడు. మ్యాచ్ పోయింది. 'అంతకు ముందు రోజు సుభానీ ఆధ్వర్యంలో పెదకాకానిలో మిరప కల్లం మీద ప్రాక్టీసు జరిగింది' అని ఉంది రిపోర్టులో. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నిజం కూడా సగమే ఉంది.

ముందు గురునాథాన్ని పిలిచారు. సికిందరాబాదు మనిషి, పటియాలాలో కోచింగ్ డిప్లొమా చేశాడు. అడిగినదానికి తడుముకోకుండా చెప్పాడు.

"ప్లాస్టిక్ పచ్చిక మీద ఆడావా?" అన్నాడు అంకమ్మరావు.

"ఆడానండి. బంతి ఎగరదు, గీత గీసినట్టు పోతుంది. మన మట్టి గ్రౌండులో అలవాటైన చేతులకి అందదు. దానికి సరిపడే నేల ఈ చుట్టుపక్కల ఉండదండి."

"మావాళ్ళు మిరప కల్లం మీద ఆడించారులే. కీపరు కళ్ళు పోయినంత పనైంది."

"మ్యాచ్ ముందు రోజు కీపర్ని కారంలో దొర్లించినవాణ్ణి నేనైతే కోచ్ అననండి" అన్నాడు గురునాథం మెల్లిగా.

త్యాగరాజు బల్ల మీది రిపోర్టు అంచులు సర్దాడు.

కల్లం ఆలోచన సుభానీదే. మిరపకాయలు ఆరబోయడానికి చెక్కి, తడిపి, రోలరు తొక్కించి, పేడతో అలికిన ఎకరం నేల. బంతి దాని మీద సర్రున జారిపోతుంది. రైతు వెంకటరావమ్మని అడిగి ఒప్పించింది త్యాగరాజు. ఆ రోజే కాయలు ఎత్తారు. "కళ్ళాపి కొట్టి అలకాలండి, ఒక రోజు ఆరాలి" అన్నాడు సుభానీ. రేపే మ్యాచ్ పెట్టుకుని ఒక రోజు ఆగడమేంటని, "శుభ్రంగా ఊడ్చారుగా, దించు" అన్నది త్యాగరాజు. ఆయన టౌన్లో పుట్టి కాలేజీలో చదివినవాడు. ఊడిస్తే కారం పోతుందనుకున్నాడు. పోదు, లేస్తుంది. అరగంటలో అందరూ కళ్ళు పట్టుకున్నారు. పడి బంతులాపే హయాత్‌ది మరీ ఘోరం.

ఆ సాయంత్రం సుభానీ ఒక్కొక్కరి కళ్ళూ చల్లటి పాలతో కడిగాడు. తర్వాత చెంబుతో మజ్జిగ పట్టుకుని త్యాగరాజు ఇంటికొచ్చాడు. "వాళ్ళని పట్టుకుని లేపారుగా, మీ చేతులు కూడా మండుతుంటాయి సార్. ముంచండి. అమ్మగారుంటే నేను రావలసిన పని లేకపోను" అన్నాడు. భార్య రాజరాజేశ్వరి పోయిన మూడేళ్ళలో ఆయన చేతుల సంగతి అడిగిన మనిషి అతనొక్కడే. ఆ మరుసటి వారం కూర్చుని ఆ రిపోర్టు రాసింది కూడా ఆ చేతులే.

సుభానీ లోపలికొచ్చి నిలబడ్డాడు.

"ఏం సుభానీ, కీపర్ని మిరపకాయ బజ్జీ చేద్దామనుకున్నావా?"

"తప్పైందండి."

"కాపు కుర్రాళ్ళకి కూడా తెలుసే, కాయలెత్తిన కల్లం అలక్కుండా తొక్కకూడదని. నీకు తెలియదా?"

"తెలుసండి."

"మరి?"

"తొందరపడ్డానండి." సుభానీ నేల చూస్తూ చెప్పాడు. త్యాగరాజు వైపు కన్నెత్తలేదు.

అంకమ్మరావు పెన్ను మూత తీశాడు. గురునాథం కాగితం మీదికి చెయ్యి వెళ్ళింది.

"ఆ తొందర నాదండి" అన్నాడు త్యాగరాజు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఇతను ఆగుదామన్నాడు. నేనే దింపించాను. రిపోర్టులో ఆ ముక్క రాయలేదు."

అంకమ్మరావు పెన్ను పక్కన పెట్టాడు. "బాగుందండీ పంతులుగారూ! మీకేం తెలుసని కల్లం సంగతి మాట్లాడారు? పోనీ మాట్లాడారు. నెల్రోజుల్నుంచి నోట్లో ఏం పెట్టుకున్నారు?"

మాట అనేశాక త్యాగరాజు గుండె మీద బరువు కొంచెం తగ్గింది. సుభానీకి గండం గడిచిందనుకున్నాడు. అంకమ్మరావు మాత్రం సుభానీ వైపు తిరిగాడు.

"అయితే నీ సంగతి ఇంకా అధ్వాన్నం కదయ్యా. తెలిసి కూడా ఈయన చెప్పాడని దింపావు. రేపు బొంబాయిలో నేను గ్యాలరీలో కూర్చుని ఫలానా వాణ్ణి దించమని కేకేస్తే దించుతావు. ఇంక కోచ్ నువ్వెందుకు, నేను చాలనా?"

సుభానీ తలెత్తాడు. "ఆ రోజు నేను అసిస్టెంటునండి" అన్నాడు. "ఆ మాట చెప్పుకుని తప్పించుకోను. హయాత్ కళ్ళు చూశాక మాత్రం, మళ్ళీ ఎవరు చెప్పినా దించననుకున్నాను."

"అనుకోవడం సరే. చూద్దాం. రేపు పొద్దున అదే కల్లం మీద ప్రాక్టీసు పెట్టు. గురునాథం, నువ్వూ రా. కళ్ళాపి మాత్రం త్యాగరాజుగారు చల్లుతారు."

తెల్లారి ఆరింటికే త్యాగరాజు పంచె ఎగ్గట్టి పేడనీళ్ళ బకెట్టుతో, ముందు రోజే మళ్ళీ కాయలెత్తిన కల్లంలో ఉన్నాడు. గట్టు మీద నిలబడిన వెంకటరావమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "చిలకరించడం కాదు పంతులుగారూ, పూజ చేస్తున్నారా ఏంది? దోసిళ్ళతో కొట్టండి!" ఆమె చీపురు తీసుకుని వెనకాలే అలుక్కుంటూ వచ్చింది. సుభానీ గట్టు మీది నుంచి అంగుళం అంగుళం చూస్తున్నాడు.

ఎనిమిదిన్నరకి అంకమ్మరావు జీపు వచ్చింది. ఎండ చురుక్కుమంటోంది. కల్లం పైకి పొడిగా, లేత పచ్చగా మెరుస్తోంది. ఆటగాళ్ళు స్టిక్కులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. హయాత్ ప్యాడ్లు కట్టుకుంటున్నాడు.

"కానీయ్ సుభానీ. తొమ్మిదిన్నరకి నేను మార్కెట్ యార్డులో ఉండాలి."

సుభానీ వంగి బొటనవేలితో నేల నొక్కాడు. "ఇవాళ కుదరదండి."

"ఆరిందిగా?"

"పైన ఆరిందండి. లోపల పచ్చిగా ఉంది. స్టిక్కు తగిలితే పెచ్చు లేస్తుంది. పెచ్చు కింద కారం అట్లాగే ఉంది. ఇంకో పూత వెయ్యాలి. రేపు ఆడిస్తాను."

"రేపు నేను మద్రాసు పోతున్నా. వారం దాకా రాను. ఇవాళ ఆట చూడకపోతే ఆర్డరు గురునాథానికి ఇచ్చి పోతా. తర్వాత నన్నేమీ అనొద్దు."

త్యాగరాజుకి నోటి దాకా వచ్చింది, ఒక్క పదినిమిషాలు దించు సుభానీ అని. పళ్ళ బిగువున ఆపుకున్నాడు. నెల కిందట చేసిన పని అదే కదా.

సుభానీ హయాత్ వంక చూశాడు. ఆ కుర్రవాడి కనురెప్పల అంచులు ఇంకా కొంచెం ఎర్రగానే ఉన్నాయి.

"అయితే ఆయనకే ఇవ్వండి" అన్నాడు. "వీళ్ళని మాత్రం ఇవాళ దించను. ప్యాడ్లు విప్పెయ్‌రా హయాత్."

అంకమ్మరావు గురునాథం వైపు తిరిగాడు. "నువ్వు దించుతావా?"

గురునాథం గట్టు పక్కనే గొంతుక్కూర్చుని గోటితో నేల గీకాడు. చిన్న పెచ్చు లేచింది. వాసన చూశాడు. వరసగా నాలుగు తుమ్ములు తుమ్మి, కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. దించుతానంటే చాలు, ఉద్యోగం అతనిదవుతుంది.

"దించనండి" అన్నాడు గురునాథం. "కానీ ఆయన చెప్పకపోయి ఉంటే దించేవాణ్ణి. నాకిది తెలియదు."

అంకమ్మరావు కాలు ముందుకేసి ఎప్పుడు కల్లంలోకి దిగబోయాడో ఏమో, ఒక చెప్పు కల్లం అంచు మీద ఆగి ఉంది. దాన్ని వెనక్కి తీసుకున్నాడు.

"ఆర్డరు టైపు చేయించండి త్యాగరాజుగారూ. సుభానీ పేరున" అన్నాడు చివరికి. "దాంతోపాటు ఆ రిపోర్టు కూడా తిరగరాయండి. ఈసారి మొత్తం." జీపెక్కుతూ గురునాథాన్ని పిలిచాడు. "రావయ్యా, స్టేషన్లో దింపుతా. నిజం చెప్పి నష్టపోయావు, టిఫినన్నా తిని పోదువుగాని."

జీపు వెళ్ళాక త్యాగరాజు ఏదో చెప్పాలని సుభానీ దగ్గరికి నడిచాడు. సుభానీ ఆయన చేతుల వంక చూశాడు, పేడలో మోచేతుల దాకా మునిగి ఉన్నాయి. ఒక్క క్షణం అతని మొహం మెత్తబడింది. తర్వాత తూర్పు మూలకి వేలు చూపించాడు.

"అక్కడ వదిలేశారు సార్. రెండో పూత అక్కణ్ణుంచి మొదలెట్టండి."

త్యాగరాజు మారు మాట్లాడకుండా బకెట్టు అందుకున్నాడు.